రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: బుద్ధిమాంద్యం ఉన్న మా తమ్ముణ్ణి (31 ఏళ్లు) నాన్న పోయాక శ్రీకాకుళం దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో చేర్చి నెలనెలా ఫీజు కట్టాం. కిందటి సంక్రాంతికి ఇంటికి తెస్తే వీపంతా వాతలు. పసుపు రాశాం, ఫోన్లో ఫొటోలు తీశాం. పక్క తడిపితే మర్నాడు అన్నం పెట్టేవారు కాదని వాడే చెప్పాడు. తిరిగి పంపలేదు. ఇప్పుడు కార్తీకంలో నిర్వాహకులు పెద్దమనుషుల్ని పంపి, యాభై వేలిస్తాం, కాగితం రాసివ్వండంటున్నారు. ఏం చేయాలి?
– ఒక అక్క, ఆమదాలవలస

జవాబు: మీ కేసు నిలబడేది వాతల మీద కాదు, అన్నం పెట్టలేదన్న ఆ ఒక్క మాట మీద.

మామూలు దెబ్బల నేరానికి శిక్ష ఏడాది లోపే కనుక, దాన్ని కోర్టు విచారణకు తీసుకునే గడువూ ఏడాదే. మీకది సంక్రాంతికి ముందే తీరిపోతుంది. పైగా ఆ ఒక్క నేరానికైతే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అదే దివ్యాంగుల హక్కుల చట్టం (2016) సెక్షన్ 92 చూడండి. దివ్యాంగుణ్ణి తమ అధీనంలో ఉంచుకుని తెలిసీ తిండి, నీళ్లు పెట్టకపోతే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మూడేళ్లు దాటే శిక్ష కాబట్టి కాలపరిమితి అడ్డురాదు. రెంటినీ కలిపి విచారిస్తే దెబ్బల నేరానికీ పెద్ద నేరం లెక్కే వర్తిస్తుంది. అలాగని ఆగకండి, సాక్ష్యం ఆగదు.

ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదమ్మా? పసుపు రాసి ఊరుకుంటే వాతలు మానాయి, డాక్టరు రాసివ్వాల్సిన గాయాల సర్టిఫికెట్టూ లేకుండా పోయింది. ఇక మిగిలినవైనా కాపాడుకోండి. ఫొటోలు తీసిన ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. కోర్టుకు వాటితోపాటు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమం, 2023) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫీజు రసీదులు తీయండి, తమ్ముడు వాళ్ల అధీనంలో ఉన్నాడని చెప్పేవి అవే. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ నకలు జతచేయండి.

అన్నం సంగతి మీరు చెబితే అది విన్న మాటే. తమ్ముడే చెప్పాలి. ప్రశ్న అర్థమై జవాబివ్వగలిగితే అతనూ సాక్షే. స్టేషనుకు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికొచ్చి అడగాలి. ముందుగా మీరు ఏమీ నూరిపోయకండి, ఎదుటి వకీలు అడిగే క్రాస్ ప్రశ్నల్లో ఇట్టే బయటపడుతుంది.

యాభై వేలు ముట్టుకోవద్దు. సెక్షన్ 92 నేరం రాజీకి వీలయ్యేది కాదు. డబ్బు తీసుకుని నేరాన్ని కప్పిపుచ్చితే మీరే ముద్దాయి అవుతారు. ఆ కాగితాన్ని రేపు వాళ్ల వకీలే కోర్టులో చూపిస్తాడు.

ఈ వారమే స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది.

ఆ ఆశ్రమంలో ఇంకా ఉన్నవాళ్ల గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. అదే దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 7 కింద ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, అంటే తహసీల్దారుకో ఆర్డీవోకో, తెలియజేయవచ్చు. వాళ్లను బయటికి తెచ్చి రక్షణ కల్పించమని ఆయన ఉత్తర్వు ఇవ్వగలరు. స్టేషనుకు వెళ్లే రోజే ఆ అర్జీ కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.