తోకఎముక నొప్పి: ఎక్స్‌రే బాగానే ఉంది, కీగల్స్‌తో ఎక్కువవుతోంది. ఫిజియోథెరపీతో తగ్గుతుందా?

వెనక్కి జారిపడి మూడు నెలలైంది, లేచేటప్పుడు పోటు వస్తోంది, కీగల్స్ (మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామం) చేస్తే ఇంకా పెరుగుతోంది అని రాశారు. చాలామందికి ఫిజియోథెరపీతోనే తగ్గుతుంది. ముందు ఆ కీగల్స్ ఆపండి.

పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగున మూత్రాశయాన్ని, పేగును మోసే) కండరాలు కొన్ని నేరుగా తోకఎముకకే అతుక్కుని ఉంటాయి. దెబ్బ తగిలాక అవి బిగుసుకుపోయి ఎముక కొసను ముందుకు లాగుతుంటాయి. కీగల్స్‌తో ఆ బిగుతే పెరుగుతుంది. మీకు కావలసింది వాటిని వదులు చేయడం.

వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పొట్ట పైకి లేచేలా ముక్కుతో గాలి పీల్చాలి. అప్పుడు మలద్వారం చుట్టూ మెత్తగా విచ్చుకుంటున్నట్టు తెలియాలి. ఆరు అంకెల్లో వదలండి. రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున చాలు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ముక్కడం. కిందికి నెడితే కండరం తిరిగి బిగుస్తుంది. తర్వాత ఒక చీలమండను రెండో మోకాలి మీద వేసి, కింది తొడను ఛాతీ వైపు లాక్కుని 30 సెకన్లు ఉంచండి, ఒక్కో వైపు మూడుసార్లు. నేల ఒత్తుకుంటే మంచం మీదే చేయండి.

గుండ్రటి రింగు దిండు కొనకండి. వెనక అంచున కోత ఉన్న, ముందుకు వాలిన కుషన్ తీసుకోండి. కూర్చున్నాక కోతలోకి వేళ్లు పెట్టి చూడండి, తోకఎముక దేనికీ తగలకూడదు. మెత్తటి సోఫా మీద ఏ కుషనూ పనిచేయదు, కుంగిపోతుంది. అరగంటకోసారి లేవండి. లేచేముందు అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, నడుము వంచకుండా తుంటి దగ్గర ముందుకు వంగాలి. మలబద్ధకం ఉంటే ముందు దాని సంగతి చూడండి. రోజూ ముక్కుతుంటే పై శ్రమంతా వృథా.

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముక కదలిక తెలియదు. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి పక్కనుంచి తీసి పోల్చాలి. వాటి మధ్య ఎముక కోణంలో 5 నుంచి 25 డిగ్రీల తేడా మామూలే. 25 దాటితే ఎముక అతిగా కదులుతున్నట్టు. అది తేలకుండా ఎవరిచేతా ఎముకను లాగించుకోవద్దు.

పెల్విక్ ఫ్లోర్‌లో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు మీ అనుమతితో, గ్లవ్ వేసుకున్న వేలితో మలద్వారం లోపలినుంచి బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తారు. ఇబ్బందిగా అనిపించినా బయటి మసాజ్ అంత లోతుకు అందదు. ప్రతిసారీ వేడి, కరెంటు పెట్టి పంపేస్తుంటే వేరేవారిని చూసుకోండి. 6 నుంచి 8 వారాల్లో మార్పు లేకపోతే ఇంజెక్షన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. ఆపరేషన్ చివరి మాట.

పిరుదుల మధ్య వాపు, చీము, జ్వరం, లేదా పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వ్యాయామాలు పక్కనపెట్టి డాక్టరుకు చూపించండి. తొడల మధ్య మొద్దుబారినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి.