ట్రాక్టరు కాగితాలు ట్రాలీని కాపాడవు

ప్రశ్న: మాది చంద్రగిరి మండలంలో ఒక పల్లె. ట్రాక్టరుకు ఆర్సీ, ఇన్సూరెన్సు సక్రమంగా ఉన్నాయి. పాత లారీ ఇరుసు కొని తిరుపతిలో ఒక వెల్డింగ్ షాపులో రెండు చక్రాల ట్రాలీ చేయించాను. షాపుకు ఇంకా కొంత సొమ్ము బాకీ. మామిడికాయలు దామలచెరువు మార్కెట్‌కు తోలుకోవాలని, సీజన్‌లో పక్క రైతుల సరుకు బాడుగకు వేయాలని అనుకున్నాను. చక్రాల మీద బిగించిన చెరకు గానుగ కూడా ఉంది. దాన్ని ట్రాక్టరు వెనక తగిలించి ఊరూరా తిప్పుతాం. మొన్న పోలీసులు ఆపి ట్రాలీ నంబరు ఏదని అడిగారు. షాపతను మాత్రం ట్రాక్టరు నంబరే వెనక రాసుకుంటే చాలంటున్నాడు. ఎవరి మాట నిజం? ట్రాక్టరు నడిపేది మా అబ్బాయి. అతనికి కారు లైసెన్సు ఉంది.

జవాబు: పోలీసులు అడిగింది సరైనదే. షాపతను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. చిక్కంతా ఆ సగంతోనే వస్తుంది.

1988 మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షన్‌లో మోటారు వాహనానికి ఇచ్చిన నిర్వచనంలోనే ట్రెయిలర్, అంటే మీ ట్రాలీ లాంటిది, కూడా ఉంది. ఇంజను లేకపోయినా చట్టం దృష్టిలో అది విడి వాహనమే. కాబట్టి 39వ సెక్షన్ ప్రకారం దానికి సొంత రిజిస్ట్రేషన్ కావాలి. 61వ సెక్షన్ ఈ మాటనే ట్రెయిలర్ల గురించి ప్రత్యేకంగా చెబుతుంది. అదే సెక్షన్‌లో, ట్రెయిలర్ వెనక దాన్ని లాగే వాహనం నంబరు కనిపించాలని కూడా ఉంది. షాపతను పట్టుకున్నది ఈ ముక్కనే. ట్రాక్టరు నంబరు వెనక రాయడం అవసరమే. అయితే ట్రాలీకి సొంత నంబరు వచ్చాక, దానికి తోడుగా రాయాల్సింది అది.

రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా. రెండోసారి దొరికితే 5,000 నుంచి 10,000 వరకు జరిమానా గానీ, ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఊళ్లో అందరూ ఇలాగే తిప్పుతున్నారు కదా అని నా దగ్గరికి వచ్చే రైతులు చాలామంది అంటారు. మేజిస్ట్రేటు ముందు ఆ మాట పనికిరాదు.

ఈ జరిమానాల గురించి నాకు పెద్ద దిగులు లేదు. మీ పొలాన్ని కోర్టుకెక్కించేది ఇన్సూరెన్సు. ట్రాక్టరు పాలసీలో ట్రాలీ వివరాలు రాయించి, దానికి విడిగా థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే ఇతరులకు జరిగే నష్టానికి బీమా సొమ్ము, కట్టాలి. రిజిస్ట్రేషన్ లేని ట్రాలీని పాలసీలో ఏ నంబరుతో చూపిస్తారు? ట్రాక్టరుకు తగిలించిన ట్రాలీ మీద కూర్చున్న కూలీ పడి గాయపడిన ఒక కేసు బ్రిజ్ మోహన్ కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ట్రాక్టరును వ్యవసాయ పనులకని ఇన్సూరు చేశారు, ట్రాలీకి ఇన్సూరెన్సే లేదు. బీమా కంపెనీకి బాధ్యత లేదని 2007లో కోర్టు తేల్చింది. బాధితుడి పరిస్థితి చూసి ముందు కంపెనీయే చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమంది. అంటే చివరికి ఆ భారం మోసింది యజమానే. మార్కెట్ నుంచి ఖాళీ ట్రాలీలో కూలీలను ఎక్కించుకుని తిరిగి వచ్చే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. మానుకోండి. సరుకు వాహనంలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా వర్తించదని ఆశారాణి కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మరి చేయించిన ట్రాలీని ఇప్పుడు రిజిస్టరు చేయించవచ్చా? రవాణా శాఖ కార్యాలయంలో 20వ ఫారంతో పాటు అమ్మినవారి 21వ ఫారం, రోడ్డు మీద తిరగడానికి వాహనం తగినదేనని తయారీదారు ఇచ్చే 22వ ఫారం అడుగుతారు. ఆ తయారీదారు తన నమూనాను కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం గుర్తింపు పొందిన సంస్థలో పరీక్ష చేయించి ఉండాలి. పూణేలోని ఏఆర్ఏఐ అలాంటి సంస్థ. పాత ఇరుసు మీద ఇనుప కమ్మీలు అతికించిన షాపుకు ఈ ఆమోదం ఉండదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను బతిమాలుకుంటే పని అయిపోతుందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. దొంగ 22వ ఫారంతో సంపాదించిన ఆర్సీ ప్రమాదం జరిగిన రోజున మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇంట్లో కూర్చినదైనా రోడ్డు మీద తిరిగితే వాహనమేనని, రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ తప్పవని ఉత్తరాదిలో జుగాడ్ అనే బళ్ల విషయంలో 2013లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి మీ ట్రాలీని పొలం గట్ల లోపలే, ఎరువుకో గడ్డికో వాడుకోండి. ఊరి పంచాయతీ దారి కూడా రోడ్డే. ప్రజలకు నడిచే హక్కున్న ప్రతి చోటూ చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే.

గానుగ సంగతి కొంచెం వేరు. రోటవేటర్, నాగలి లాంటివి ట్రాక్టరు లిఫ్టుకు వేలాడతాయి. అవి ట్రాక్టరులో భాగంగానే సాగుతాయి, విడి వాహనాలు కావు. మీ గానుగ తన చక్రాల మీద తాను దొర్లుతూ వస్తుంది. మోటారు వాహనం లాగే ఏ వాహనమైనా ట్రెయిలరేనని 2(46) సెక్షన్ అంటుంది. ఆ నిర్వచనంలోకి గానుగ రాదని వాదించడానికి వీలుంటే ఉండవచ్చు. ప్రమాదం జరిగాక పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో ఆ వాదన నెగ్గుతుందన్న ఆశతో రోడ్డెక్కమని మాత్రం నేను చెప్పను. చక్రాలు విప్పి, రిజిస్టరైన ట్రాలీ మీదికి ఎక్కించి, మోకులతో బిగించి తీసుకెళ్లండి. ట్రాలీ అంచు దాటి పక్కకు గానీ వెనక్కు గానీ పొడుచుకు రాకుండా చూడండి. హద్దు మీరితే 194(1ఎ) సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా ఉంది. పూతలపట్టు – నాయుడుపేట రోడ్డు మీద చీకట్లో వెళ్లాల్సి వస్తే వెనక ఎర్ర దీపం వెలగాలి. దాని వెలుగు 155 మీటర్ల దూరానికి కనిపించాలని నిబంధన. మెరుస్తాయని పాత సీడీ ముక్కలు అతికిస్తే సరిపోదు.

బాడుగ మాటకొస్తే, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు సరుకు రవాణా వాహనమే అవుతుందని, పర్మిట్ అవసరమని నట్వర్ పారిఖ్ కేసులో 2005లో సుప్రీంకోర్టు అంది. సొంత మామిడి తోలుకోవడం ఒకటి, పక్కవారి మామిడికి డబ్బు తీసుకోవడం ఇంకొకటి. వ్యవసాయ పాలసీ రెండోదానికి పనిచేయదు. బాడుగే ఉద్దేశమైతే రవాణా వాహనంగా రిజిస్టరు చేయించి, ఆ మేరకు పాలసీ మార్పించుకోండి.

అబ్బాయి లైసెన్సు గురించి దిగులు వద్దు. 7,500 కిలోలు మించని ట్రాక్టరు తేలికపాటి మోటారు వాహనం కిందికే వస్తుంది. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని నాగశెట్టి కేసులో 2001లోనే తీర్పు వచ్చింది. లైసెన్సు గడువు మాత్రం ఒకసారి చూసుకోండి.

ఇక షాపు బాకీ. 21, 22 ఫారాలు ఇస్తేనే మిగతా సొమ్ము ఇస్తానని తేదీ వేసి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపండి. రోడ్డు మీద తిప్పుకోవచ్చని చెప్పి ఇచ్చినట్టు మీ దగ్గర బిల్లు గానీ, ఫోను సందేశం గానీ ఉంటే భద్రపరచండి. ఇచ్చిన సొమ్ము తిరిగి అడగడానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే బాడుగకు తిప్పే ఆలోచన అక్కడ మీకు ఎదురు తిరగవచ్చు. వ్యాపారం కోసం కొన్నవారిని వినియోగదారులుగా చట్టం ఒప్పుకోదు. పొట్టకూటికి సొంతంగా చేసుకునే పనైతే మినహాయింపు ఉంది. ఫిర్యాదులో ఆ సంగతి మొదటి పేజీలోనే రాయించండి.