దత్తపుత్రుడా, పెంపుడు కొడుకా?

సందేహం: బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) 8వ అధ్యాయంలో "దత్తపుత్రాత్మను పొందితిరి" అని ఉంది. పిల్లలు లేనివాళ్లే కదా దత్తత తెచ్చుకునేది? కుమారుడున్న దేవుడికి మళ్లీ దత్తపుత్రులేమిటి? సండేస్కూలు పిల్లల కోసం పాఠం రాస్తున్నాను, "పెంపుడు పిల్లలు" అని మారిస్తే తేలిగ్గా ఉంటుందా? "ధర్మశాస్త్రం నుండి విడుదల" అంటే ధర్మాన్ని వదిలేయడమేనా అని మా పక్కింటావిడ అడిగారు. ఆవిడకేం చెప్పను? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: "పెంపుడు" అని మాత్రం మార్చకండమ్మా. ఆ ఉత్తరం రాసిన తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు వాదమంతా ఆ తేడా మీదే నిలబడి ఉంది.

పెంపుడు కొడుక్కి అన్నం మీద హక్కుంటుంది, ఆస్తి మీద ఉండదు. ఎంత ప్రేమగా సాకినా ఇంటిపేరు పాతదే. దత్తు వెళ్లినవాడి సంగతి అలా కాదు. ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, శుభలేఖ మీద తండ్రి పేరు మారుతుంది. దత్తుడికి కన్నతండ్రి గోత్రమూ ధనమూ రెండూ చెందవని మనుస్మృతి 9వ అధ్యాయం చెబుతుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 12వ సెక్షను కూడా కొద్దిపాటి మినహాయింపులతో ఆ దారినే నడిచింది: దత్తత జరిగిన రోజు నుంచి పుట్టింటి బంధాలు తెగుతాయి, కొత్తింటి బంధాలు ముడిపడతాయి. తెలుగు బైబిలు అనువాదకులు "దత్త" శబ్దాన్ని తీసుకోవడంతో ఈ బరువంతా ఆ వాక్యంలోకి వచ్చి చేరింది.

మీ మొదటి సందేహం కూడా అక్కడి నుంచే పుట్టింది. కొడుకుండగా మరో కొడుకును దత్తత తీసుకోకూడదన్నది మన పద్ధతి. ఆ చట్టం 11వ సెక్షనూ అదే అంటుంది. కానీ పౌలు ఎరిగిన దత్తత వేరు. మోషే ధర్మశాస్త్రంలో దత్తత విధి అంటూ లేదు. ఆయన తిరిగిన ఊళ్లలో నడిచింది రోమనుల ఆచారం. అక్కడ పెద్దింటివాళ్లు ఎక్కువగా ఎదిగిన మగవాళ్లనే దత్తత తీసుకునేవారు. పసివాణ్ణి సాకడం కన్నా వంశానికి, ఆస్తికి వారసుణ్ణి నిలబెట్టడం ముఖ్యం. కొడుకున్నా అడ్డులేదు. క్రీ.శ. 4లో రోమా చక్రవర్తి అగస్టస్ తిబేరియస్‌ను దత్తత తీసుకునేనాటికి ఆ దత్తపుత్రుడికే నలభై దాటాయి. క్రీ.శ. 50లో క్లౌదియస్ చక్రవర్తి, కన్నకొడుకు బ్రిటానికస్ ఇంట్లో ఉండగానే, నీరోను దత్తత చేసుకున్నాడు. నాలుగేళ్లకు సింహాసనం ఎక్కింది ఆ దత్తపుత్రుడే. (ఆ ఇంటి తరవాతి కథ పిల్లల పాఠంలోకి రానివ్వకండి.) పౌలు రోమాకు ఉత్తరం రాసింది సుమారు 57లో, అంటే నీరో ఏలుబడిలో. దత్తపుత్రుడంటే ఎవరో, అతనికి ఏమేమి దక్కుతాయో ఆ ఊరివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇక వ్యాకరణం. ఆ వాక్యంలో రెండు మాటలు ఎదురెదురుగా నిలిచాయి, చూడండి: "దాస్యపు ఆత్మ", "దత్తపుత్రాత్మ". మొదటిదానిలో దాస్యము చివరి "ము" పోయి "పు" వచ్చింది, బడిలో మనం చదువుకున్న పుంప్వాదేశమే. రెండోది సవర్ణదీర్ఘ సంధితో అతుక్కున్న సంస్కృత సమాసం. దీన్ని "దత్తపుత్రుడి ఆత్మ" అని విడదీస్తే అర్థం చెడుతుంది. మనిషిని దత్తపుత్రుణ్ణి చేసే ఆత్మ అని విప్పుకోవాలి. ఒకటి అచ్చంగా ఇంటిభాష తీరు, మరొకటి పండితుల కూర్పు. ఒకే వాక్యంలో ఈ పొంతన లేకపోవడం నా చెవికి కాస్త గుచ్చుకుంటుంది.

మీ పక్కింటావిడ ప్రశ్నకు జవాబు గలతీయులకు రాసిన పత్రికలో ఉంది. ఆవిడకు ధర్మశాస్త్రమంటే మనువో యాజ్ఞవల్క్యుడో గుర్తొచ్చి ఉంటారు. పౌలు చెప్పేది మోషే ద్వారా యూదులకు వచ్చిన శాస్త్రం. గలతీయ ప్రాంతం నేటి టర్కీలో ఉంది. అక్కడ యూదేతరులు క్రీస్తును నమ్మితే, సున్నతి కూడా చేయించుకోవాలి, ఆ శాస్త్రానికి లోబడాలి అని కొందరు పట్టుబట్టారు. దాని మీద పౌలుకు వచ్చిన కోపమే ఆ ఉత్తరం. శాస్త్రాన్ని ఆయన చెడ్డదనలేదు, "బాలశిక్షకుడు" అన్నాడు. గ్రీకు ఇళ్లలో అలాంటివాడు చదువు చెప్పే పంతులు కాడు. పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్లి తీసుకొచ్చే, దారి తప్పితే దండించే బానిస. మన మాటలోని "శిక్ష"కు చదువు, దండన అని రెండర్థాలూ ఉండడం ఇక్కడ బాగా కలిసొచ్చింది. వారసుడైనా సరే మైనరుగా ఉన్నంతకాలం దాసుడికీ అతనికీ తేడా లేదంటాడు పౌలు. గడువు తీరాక కొడుకు కొడుకుగానే ఇంట్లో తిరుగుతాడు. బడికి తీసుకెళ్లేవాడితో పని తీరింది, తండ్రితో తీరలేదు.

అందుకే "విడుదల", "వదిలేయడం" ఒకటి కావు. వదిలేయడం మనం చేసే పని, విడుదల ఇంకొకరు చేస్తే మనకు దొరికేది. స్వాతంత్ర్యం పేరు చెప్పి ఇష్టమొచ్చినట్టు నడవొద్దని, ప్రేమతో "యొకనికొకడు దాసులైయుండుడి" అని పౌలే అదే పత్రిక 5వ అధ్యాయంలో అడ్డుకట్ట వేశాడు.

మీరు అడగకపోయినా, పిల్లలు తప్పక అడిగేది ఒకటుంది: ఆ రోమా పత్రిక వచనంలోనే "అబ్బా తండ్రీ" అని మొఱ్ఱపెట్టడమేమిటి, దెబ్బ తగిలిందా అని. ఈ అబ్బా అరమాయిక్ (యేసు కాలంలో యూదులు మాట్లాడిన భాష) మాట, తండ్రి అని అర్థం. మన ముస్లిముల ఇళ్లలో వినపడే అబ్బా దానికి చుట్టమే. "నీ అబ్బ సొమ్మా?" అన్నప్పటి మన అబ్బకు మాత్రం దానితో చుట్టరికం లేదు, పోలిక కాకతాళీయం. గలతీయ పత్రికలో అదే మాటను "నాయనా తండ్రీ" అని తెలుగు చేశారు. పిల్లలకు అదే చెప్పండి.

మరో సంగతి కూడా చెప్పాలి. దత్తత మీద ఇంత వేదాంతం కట్టుకున్న క్రైస్తవులకు మన దేశంలో ప్రత్యేకంగా దత్తత చట్టం లేదు. చాలాకాలం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా ఉండడమే దిక్కయ్యేది. అదీ పిల్లలకు మైనారిటీ తీరేదాకానే, దానితో వారసత్వమూ రాదు. బాలల న్యాయ చట్టం 2000లో వచ్చాక, తరవాతి సవరణలతో, మతంతో నిమిత్తం లేకుండా దత్తతకు దారి తెరుచుకుంది.

మీ పాఠంలో ఆడపిల్లలూ ఉంటారు కాబట్టి "దత్తపుత్రులు" దగ్గర ఆగకుండా "దేవుడు దత్తత తీసుకున్న పిల్లలు" అని రాయండి. రోమా పత్రికలోనే ఆ వెంటనే వచ్చే వచనంలో "దేవుని పిల్లలము" అని ఉంది, తప్పు పట్టేవారుండరు.