బోయర్ యుద్ధం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. లేడీస్మిత్ ముట్టడి, స్పియాన్ కాప్ కొండ మీద పోరు కళ్ళకు కట్టాయి. కానీ చదవడం అయ్యాక దిగులేసింది. ఆ నేల ఎవరిదో, వాళ్ళు నీ వ్యాసంలో ఎక్కడా కనబడలేదు.

1886లో బంగారం బయటపడ్డాక గొడవ ముదిరి, 1899 అక్టోబరులో యుద్ధమైంది. అవతల అంత పెద్ద బ్రిటిష్ సామ్రాజ్యం, ఇవతల పొలాలు చేసుకునే బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్లవాళ్ళు. మన జాలి బోయర్ల వైపే పోతుంది. పోనీ, అందులో తప్పులేదు. బ్రిటిష్ సేనాధిపతి కిచెనర్ సైన్యం వాళ్ళ ఇళ్ళు తగలబెట్టి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ క్యాంపుల్లో పెట్టింది. అక్కడ సుమారు 28 వేల మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. నువ్వు ఆ అంకె వేసి ముందుకు వెళ్ళిపోయావు. అక్కడ ఆగాలి నాన్నా. మొదట్లో ఆ క్యాంపుల్లో రేషన్ రెండు రకాలు. తండ్రి లొంగిపోకుండా ఇంకా పోరాడుతుంటే, ఆ ఇంటి పిల్లలకి తక్కువ తిండి. ఎవరి బిడ్డవని అడిగి పిండి కొలిచారన్నమాట. ఎమిలీ హాబ్‌హౌస్ అనే ఇంగ్లీషు మహిళ 1901లో కళ్ళారా చూసి, ఇంగ్లండు వెళ్ళి చెప్పింది ఇలాంటివే.

నల్లవాళ్ళకి వేరే క్యాంపులుండేవి. అక్కడ లెక్కకెక్కిన చావులే 14 వేలు దాటాయి. నా మొదటి వ్యాసంలో నేనూ వాళ్ళని వదిలేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే నీకింత గట్టిగా చెబుతున్నాను.

యుద్ధం ముగిస్తూ 1902 మే 31న ప్రిటోరియాలో సంతకాలైన సంధిపత్రంలో 8వ షరతు చదువు. నల్లవాళ్ళకి ఓటు ఇవ్వాలా వద్దా అన్నది, అక్కడ స్వపరిపాలన వచ్చాకే తేలుస్తామని రాసుకున్నారు. అంటే తేల్చేది తెల్లవాళ్ళే. నిన్నటిదాకా చంపుకున్నవాళ్ళకి ఆ మాట దగ్గర పేచీ లేకపోయింది. 1913లో బ్లూమ్‌ఫాంటీన్‌లో బోయర్ స్త్రీలకీ పిల్లలకీ స్మారకం లేచింది. అదే ఏడాది వచ్చిన భూమి చట్టం నల్లవాళ్ళకి దేశంలో ఏడు శాతం నేల మిగిల్చింది.

మనవాళ్ళనీ మర్చిపోకు. బ్రిటిష్ వాళ్ళ వైపు పనిచేసిన గాంధీ అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మందిలో ఎక్కువమంది, అక్కడి బ్రిటిష్ వలస నేటాల్‌లోని ఒప్పంద కూలీలు. గాయపడ్డవాళ్ళని స్ట్రెచర్ల మీద రోజుకి ఇరవై మైళ్ళు మోసిన రోజులున్నాయి. 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి నేటాల్ చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు.

స్పియాన్ కాప్ భాగం సగానికి తగ్గించు. 8వ షరతుతో మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. పండగ లోపు చదివి పెడతాను.

నీ అన్నయ్య