కారు కబుర్లు: టైమింగ్ బెల్ట్ ఇంట్లోనా, గ్యారేజ్‌లోనా?

ప్రశ్న: సర్, మాది మదనపల్లె, ఉద్యోగం బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నాన్న వాడిన 2012 ఐ10, 1.1 పెట్రోల్, ఇప్పుడు నా చేతికొచ్చింది, మీటర్ 61,000 చూపిస్తోంది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడైనా మార్పించావా అంటే నాన్నకి గుర్తు లేదు, బిల్లులూ లేవు. సర్వీస్ సెంటర్‌లో 9,000 దాకా చెప్పారు, మా ఏరియా గ్యారేజ్ అన్న 5,500 అన్నాడు, పార్టులు నేనే కొంటే 2,500 లోపే. ఆయిల్, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటా, సాకెట్ సెట్టూ జాకీ ఉన్నాయి, వీడియోలు చూస్తే పెద్ద కష్టంగా అనిపించలేదు. శని, ఆదివారాల్లో బేస్‌మెంట్ పార్కింగ్‌లో చేసేద్దామనుకుంటున్నా. మా ఆవిడ మాత్రం వద్దంటోంది. మీరేమంటారు?

జవాబు: మీ కారుకి ఇంట్లో చెయ్యొచ్చు. మీ బేస్‌మెంట్‌లో మాత్రం వద్దు. ఈ ఒక్కసారికి ఆవిడ మాట వినండి, ఎందుకో చెప్తా.

దానికన్నా ముందు ఇంకోమాట, ఆ బెల్ట్ మారేదాకా కారేసుకుని చింతామణి మీదుగా ఊరికి బయల్దేరొద్దు. 61,000 అంటే తక్కువే కదా అనిపిస్తుంది గానీ మాన్యువల్‌లో బెల్ట్‌కి కిలోమీటర్ల లెక్కొకటి, సంవత్సరాల లెక్కొకటి ఉంటాయి, రెండిట్లో ఏది ముందొస్తే అదే లెక్క. ఎప్పుడు మార్చారో తెలీదంటే అసలు మార్చలేదనే అనుకోవాలి, అంటే 2012 నాటి రబ్బరు ఇంజన్ వేడి పక్కనే ఇన్నేళ్ళూ ఉడుకుతూ తిరుగుతోందన్నమాట. పైగా ఇప్పుడది బెంగళూరు కారు, సిల్క్ బోర్డ్ దగ్గర ఫస్ట్ గేర్లో పాకుతున్నంతసేపూ మీటర్ కదలదు గానీ ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, దాంతోపాటు బెల్టూ తిరుగుతుంది. సిటీ కారు మీటర్ చూసి బెల్ట్ వయసు లెక్కేస్తే తప్పులో కాలేసినట్టే.

తెగితే ఏమవుతుందో వీడియోల్లో చూసే ఉంటారు. కింద క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా రెండిట్నీ కట్టిపడేసేది ఈ పళ్ళ బెల్టే. అది తెగగానే క్యామ్ ఆగిపోతుంది, వాల్వులు కొన్ని తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోతాయి, కింద పిస్టన్లు మాత్రం ఆ ఊపులో పైకి వస్తూనే ఉంటాయి. చాలా ఇంజన్లలో రెండిటికీ మధ్య ఖాళీ ఉండదు, వాల్వులు బెండ్ అవుతాయి, హెడ్ దించాలి, అప్పుడు మీరు రాసిన 9,000 చాలా చిన్న అంకె అయిపోతుంది. డీజిల్ ఇంజన్లయితే ఇక చెప్పక్కర్లేదు. మీ ఇంజన్ కూడా ఆ కోవదే అనుకుని పని చెయ్యడం క్షేమం. తెగేముందు చప్పుడు చేస్తుందిలే అని కొందరు ధీమాగా ఉంటారు, బెల్ట్ బదులు చైన్ ఉండే ఇంజన్లలో అది అరిగితే గలగలమంటుంది, బెల్ట్ మాత్రం చాలాసార్లు ఏ చప్పుడూ లేకుండానే పోతుంది.

సరే, బేస్‌మెంట్ ఎందుకు వద్దన్నానంటే, బెల్ట్ తీసి బెల్ట్ వెయ్యడం ఇందులో చిన్న పని. దాన్ని చేరుకోడమే పెద్ద పని. డ్రైవర్ వైపు ముందు చక్రం ఊడదీయాలి, లోపల ప్లాస్టిక్ షీట్ తియ్యాలి, ఆల్టర్నేటర్ బెల్టూ ఏసీ బెల్టూ తప్పించాలి, తర్వాత ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో మోస్తూ ఆ వైపు ఇంజన్ మౌంట్ విప్పాలి. అంటే కారు బరువు స్టాండ్ల మీద, ఇంజన్ బరువు ఇంకో జాకీ మీద. మీకున్నది ఒక్క జాకీ. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద తల పెట్టడం ఎంత తొందరున్నా చెయ్యకూడని పని, బేస్‌మెంట్ ర్యాంప్ వాలులో అసలు కుదరదు.

తర్వాత క్రాంక్ పుల్లీ బోల్ట్. వీడియోలో రెండు సెకన్లలో ఊడొస్తుంది, ఎందుకంటే అప్పటికే వదులు చేసి కెమెరా ఆన్ చేస్తారు. అసలుది పన్నెండేళ్ళు దాటి కదలకుండా ఉన్న బోల్ట్, పానాకి పొడుగు పైపు తొడిగి ఇద్దరు వేలాడినా ఒక్కోసారి కదలదు, గ్యారేజ్‌లో అయితే ఇంపాక్ట్ గన్ పెట్టి టకటకా తీసేస్తారు. పైపు నేలకి ఆనించి సెల్ఫ్ కొడితే ఊడుతుందని ఎవరో ఒకరు చెప్తారు. ఆ జోలికి వెళ్ళొద్దు, పైపు జారితే చెయ్యి విరుగుతుంది. ఇంతా చేసి ఆదివారం సాయంత్రానికి బోల్ట్ మొండికేసిందనుకోండి, సోమవారం పొద్దున మీ కారు మూడు చక్రాల మీద పార్కింగ్‌లో, మీరు ఆఫీస్ క్యాబ్‌లో, అసోసియేషన్ గ్రూప్‌లో మీ కారు ఫొటో.

మదనపల్లెలో ఇంటి ముందు చదునైన గచ్చు ఉండి, చెయ్యి తిరిగిన బావమరిదో ఫ్రెండో పక్కనుంటే చేసుకోండి అనేవాణ్ణే. కానీ అక్కడికి పాత బెల్ట్ మీదే వెళ్ళాలి కదా, అదే తిరకాసు.

అయినా చేసేవాళ్ళు చేస్తారు కాబట్టి, ప్రాణం లాంటి సంగతులు చెప్తా. పాత బెల్ట్ తియ్యకముందే క్రాంక్‌ని చేత్తో, అది మామూలుగా తిరిగే వైపుకే తిప్పి, ఒకటో సిలిండర్ పిస్టన్‌ని టాప్‌కి తెచ్చి, క్రాంక్ మార్కూ క్యామ్ మార్కూ దేనికది ఇంజన్ మీదున్న దాని గుర్తుతో కలిసిందని చూసి ఫొటో తీసుకోండి. బెల్ట్ బయటికొచ్చాక రెండిట్లో దేన్నీ తిప్పొద్దు. కొత్తది వేసేటప్పుడు టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచే చిన్న చక్రం) లేని వైపు ముందు బిగువుగా రావాలి, లూజంతా టెన్షనర్ వైపుకి చేరాలి, అక్కడే చాలామంది ఒక పన్ను తప్పుతారు. స్క్రూడ్రైవర్‌తో పెకలించి ఎక్కించొద్దు, మెలి తిప్పొద్దు, మడవొద్దు, లోపలి గ్లాస్ ఫైబర్ తీగలు విరిగితే పైకి కనపడదు. బిగించాక ప్లగ్గులు తీసి ఉంచి క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. మార్కులు మళ్ళీ కలిస్తే సరి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగిందా, బలం పెట్టకుండా అక్కడే ఆగిపోండి, చేత్తో తిప్పితే తెలుస్తుంది, సెల్ఫ్ కొడితే తెలిసేలోపే అయిపోతుంది. ఇంకోటి, బెల్ట్ మీద మీరు పూసుకున్న వైట్‌నర్ గీతలు రెండు చుట్లకే మార్కుల దగ్గరికి తిరిగి రావు, కంగారుపడి విప్పేయకండి, చూడాల్సింది పుల్లీల మీద మార్కులే.

ఇప్పుడు డబ్బు సంగతి. మీకు మిగిలేది 5,500లోంచి 2,500 పోను 3,000. రెండో జాకీ, స్టాండ్లు, టార్క్ రెంచ్ కొంటే అదీ మిగలదు. నన్నడిగితే సర్వీస్ సెంటర్ కూడా అక్కర్లేదు, గ్యారేజ్ అన్నకే ఇవ్వండి, కాకపోతే నాలుగు ప్రశ్నలు అడిగి ఇవ్వండి. ఈ ఇంజన్‌కి ఎన్నిసార్లు చేశావన్నా అని అడగండి. 5,500లో టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్ (బెల్ట్‌ని దారిలో నడిపే చక్రం) ఉన్నాయా, ఉత్త బెల్టేనా? కొత్త బెల్ట్ వేసి పాత బేరింగ్ ఉంచితే ఆ బేరింగ్ జామై కొత్త బెల్ట్‌ని తినేస్తుంది. క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్ళు చెమ్మగా ఉంటే ఇప్పుడే మార్చమనండి, సీల్ చవక, దానికోసం మళ్ళీ ఇదంతా విప్పే కూలీ చవక కాదు, పైగా ఆయిల్ తగిలిన బెల్ట్ ఎన్నాళ్ళో ఉండదు. పోలో డీజిల్, డస్టర్ డీజిల్ వాళ్ళకైతే వాటర్ పంప్‌ని తిప్పేది కూడా ఈ బెల్టే, పంప్ కూడా అప్పుడే మార్చేసుకోవాలి, వాటికి క్రాంక్‌నీ క్యామ్‌నీ లాక్ చేసే పిన్నులు కూడా కావాలి, ఆ కార్లకి ఇంటి ప్రయోగాలు అస్సలొద్దు.

పార్టులు మీరే కొంటానంటే జేసీ రోడ్‌లో దొరుకుతాయి, ఛాసిస్ నంబర్ చూపించి బిల్లుతో కొనండి, డబ్బా మీద పేరు చూసి మోసపోవద్దు, డూప్లికేట్ డబ్బాలు అసలువాటికన్నా మెరుస్తుంటాయి. మెకానిక్ ఒప్పుకుంటాడో లేదో ముందే అడగండి, కొందరు మీరు తెచ్చిన పార్ట్‌కి నాది గ్యారంటీ కాదంటారు, అదీ న్యాయమే. పని రోజు సెలవు పెట్టి పక్కనే నిలబడండి. మార్కులు చూపించమనండి, రెండు చుట్లు మీ చేత్తోనే తిప్పనివ్వమనండి, మీ సరదా కూడా తీరుతుంది. పాత బెల్ట్ ఇంటికి తెచ్చుకోండి, తేదీ, మీటర్ రీడింగ్ రాసి స్టిక్కర్ బానెట్ కింద అంటించండి. స్టార్ట్ చేశాక ఐడ్లింగ్ ఒణుకుతున్నా, పికప్ తగ్గినా, చెక్ ఇంజన్ లైట్ వెలిగినా నడిపి చూద్దాం అనుకోకుండా అక్కడే విప్పించి పన్ను తప్పిందేమో చూపించండి.

ప్రశ్న: మాది స్విఫ్ట్ డీజిల్, 2014 మోడల్. హోసూర్ రోడ్‌లో ఒక గ్యారేజ్ అతను లక్ష కిలోమీటర్లు దాటింది, టైమింగ్ బెల్ట్ మార్చాలి, 12,000 అంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: మీ ఇంజన్ ఫియట్ 1.3 మల్టీజెట్, దానికి ఉండేది టైమింగ్ చైన్. లేని బెల్ట్ ఎలా మారుస్తాడో చూడాలని నాకూ ఉంది. అతను చెప్పింది బయటి ఆల్టర్నేటర్ బెల్ట్ గురించేమో కనుక్కోండి, దానికైతే ఆ రేటు కాదు. చైన్‌కి ఆయిలే ఆయుష్షు, టైంకి మారుస్తూ చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్‌లో గలగల వస్తుందేమో వింటూ ఉండండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ పాత ఇన్నోవా డీజిల్ కొంటున్నాం, వచ్చే నెల పిల్లలతో తిరుపతి వెళ్ళాలి. ఓనర్‌ని అడిగితే డ్యాష్‌బోర్డ్‌లో టి-బెల్ట్ లైట్ వెలగట్లేదు కాబట్టి బెల్ట్ బాగుందమ్మా అన్నాడు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొద్దమ్మా. ఆ లైట్ బెల్ట్‌ని చూసి వెలగదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది, బెల్ట్ మార్చకుండానే లైట్ రీసెట్ చేసేయొచ్చు. మార్చిన బిల్లు, దాని మీద తేదీ, రీడింగ్ అడగండి. లేదంటే బెల్ట్, బేరింగుల ఖర్చు రేటులోంచి తగ్గించమని బేరమాడి, బండి చేతికి రాగానే మార్పించాకే తిరుపతి దారిలో పలమనేరు దాటండి, మొగిలి ఘాట్‌లో టో బండికోసం ఎదురుచూసే పని పెట్టుకోవద్దు.