స్కూల్ పెంచొద్దనాలా, గేటు మార్చమనాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు బడి గురించే ఉన్నాయి, అందుకే మిగతావి వచ్చే సంచికకి ఉంచి ఈ మూడే తీసుకున్నా. మొదటిదానికి జవాబు కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడం నమస్తే. మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక కాలనీ, అన్నీ 30 అడుగుల రోడ్లే. మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో ఇక్కడ ఐదో తరగతి దాకా చిన్న స్కూల్ ఉండేది. ఇప్పుడు పదో తరగతి దాకా పెంచుతారంట, ఉన్న బిల్డింగ్ మీద ఇంకో రెండు ఫ్లోర్లు, పక్కన పిల్లలు ఆడుకునే గ్రౌండ్‌లో కొత్త బ్లాక్. ఇప్పటికే పొద్దున ఎనిమిదిన్నరకి మా గేటు తీయలేం, బస్సులు ఆటోలు కార్లు అన్నీ అక్కడే. పోయిన ఏడాది మా మామయ్యగారికి గుండెనొప్పి వస్తే అంబులెన్స్ మా వీధి మలుపులో ఇరవై నిమిషాలు ఆగిపోయింది, ఆయన బతికారు కానీ ఆ ఇరవై నిమిషాలు నేను మర్చిపోలేను. ఇప్పుడు అసోసియేషన్ వాళ్లు స్కూల్ పెంచొద్దని పిటిషన్ తయారుచేసి సంతకాలు అడుగుతున్నారు. ఇబ్బందేంటంటే మా పిల్లలిద్దరూ అదే స్కూల్. సంతకం పెడితే స్కూల్లో మొహం ఎలా చూపించాలి, పెట్టకపోతే వీధిలో ఎలా తలెత్తుకోవాలి? పిటిషన్ ఫొటో కూడా పంపుతున్నా. – ఒక గృహిణి, పేరు వద్దు

జవాబు: అమ్మా, పిటిషన్ చదివాను. పదకొండు పాయింట్లు ఉన్నాయి, అందులో మొదటిదే స్థలాల రేట్లు పడిపోతాయని, రెండోది బయటి బస్తీల పిల్లలు కాలనీలోకి వస్తారని. మీ అంబులెన్స్ సంగతేమో తొమ్మిదో పాయింటు, ఒకే ఒక్క లైన్. నా మాట వింటే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. కానీ ఊరుకోకండి కూడా, ఇంకో కాగితం మీరే రాయండి, మొదటి సంతకం మీరే పెట్టండి, ఆ స్కూల్లో చదివే ఇద్దరు పిల్లల తల్లినని రాసి మరీ పెట్టండి.

ఎందుకంటే నేను టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసిన రోజుల్లో ఇలాంటి కాగితాలు చాలా చూశాను. రేట్లు పడిపోతాయి అన్నది ఏ రూల్‌కీ తగలదు, ఆఫీసర్ ఆ లైన్ చదవగానే మిగతా పదీ కూడా అదే బాపతు అనుకుని ఫైల్లో పెట్టేస్తాడు. ఇక బస్తీ పిల్లలు వస్తారన్న మాట, అది చదివి నాకు నిజంగా బాధేసింది. ప్రైవేట్ బడుల్లో మొదటి తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకివ్వాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాశారు. ఆ పిల్లలు రాకూడదని పెద్దవాళ్లం కాగితం మీద రాసి సంతకాలు పెట్టడం ఏం పద్ధతి? ఆ లైన్ ఉన్నంతవరకు ఆ పిటిషన్‌కి నేను సాయం చెయ్యను.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మీ చేతిలో ఉన్న గట్టి అభ్యంతరాలు రెండు, రెండూ పిల్లల వైపు నుంచి మాట్లాడేవే.

ఒకటి గ్రౌండ్. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో బడికి ఏమేం ఉండాలో రాసుంది, ఒక్కో టీచర్‌కి ఒక క్లాసు గది, ఆడపిల్లలకి మగపిల్లలకి వేరువేరు టాయిలెట్లు, మంచినీళ్లు, కాంపౌండ్ వాల్, ఆటస్థలం. ఇప్పుడు పిల్లల్ని పెంచుకుంటూ ఉన్న ఆటస్థలాన్నే బిల్డింగ్ కింద కలిపేస్తే ఆ పెరిగిన పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు, టెర్రస్ మీదా? ఇది అడగాల్సింది కాలనీవాళ్లకన్నా ముందు తల్లిదండ్రులు. ఇంకో సంగతి, ఆ గ్రౌండ్ నిజంగా స్కూల్ కొనుక్కున్నదేనా, లేక లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగాని ఇన్నాళ్లూ వాడుకుంటున్నారా, అది తప్పకుండా చూడండి. సేల్ డీడ్‌తో పాటు లేఅవుట్ కాపీ మీ ఇంట్లోనే ఉండొచ్చు, వెతకండి. పార్కు జాగా అని తేలితే కథే మారిపోతుంది. బెంగళూరులో పార్కుకని ఉంచిన జాగాని ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌కి ఇస్తే చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెళ్లారు, 1991లో సుప్రీంకోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది, అలా ఇవ్వడం చెల్లదని, అడిగే హక్కు ఆ కాలనీవాళ్లకుందని. ఆస్పత్రి మంచిదే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు, స్కూల్ మంచిదే కదా అన్నా అంతే.

రెండోది మీ అంబులెన్స్. ఆ రోజు అంబులెన్స్ రాలేని వీధిలోకి రేపు ఫైరింజన్ ఎలా వస్తుంది? ఇదొక్కటి అడగండి, ఎవరూ కాదనలేరు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒకే బిల్డింగ్‌లో ఒకటికి మించి బడులు నడుపుతూ, పైన పాక కప్పు, దిగడానికి ఇరుకు మెట్లు, వంట దగ్గర నుంచి నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ కేసు పట్టుకునే 2009లో సుప్రీంకోర్టు దేశంలో ప్రతి బడికీ ఫైర్ సేఫ్టీ, బిల్డింగ్ గట్టిదనం చూడకుండా గుర్తింపు ఇవ్వొద్దని చెప్పింది. మన దగ్గర రూల్ కూడా ఉంది, బడుల్లాంటి జనం చేరే బిల్డింగ్‌లు 500 చదరపు మీటర్ల ప్లాటు దాటినా, 6 మీటర్ల ఎత్తు దాటినా ఫైర్ ఎన్‌వోసీ, అంటే ఫైర్ శాఖ అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, కావాలి. మీ స్కూల్ ఇంకో రెండు ఫ్లోర్లంటే కచ్చితంగా అందులోకి వస్తుంది. పాత పునాది ఆ బరువుకి చాలుతుందా, రెండో మెట్ల దారి ఎక్కడ, ఫైరింజన్ ఏ వైపు నుంచి లోపలికొస్తుంది, మూడే ప్రశ్నలు.

ట్రాఫిక్ గురించి రాసేటప్పుడు భరించలేకపోతున్నాం అని రాయకండి, లెక్క రాయండి. ఒక నోట్‌బుక్ తీసుకుని మూడు రోజులు బాల్కనీలో కూర్చుని పొద్దున, సాయంత్రం పది నిమిషాలకోసారి ఎన్ని బస్సులు ఎన్ని ఆటోలు ఎన్ని కార్లు, ఎంతసేపు రోడ్డు మూసుకుపోయింది రాయండి, టైంతో ఫొటోలు తీయండి. అందులో మన కాలనీ కార్లు ఎన్ని రోడ్డు మీదే పెట్టి ఉన్నాయో కూడా నిజాయితీగా రాయండమ్మా, ఎందుకంటే 30 అడుగుల రోడ్డులో రెండు పక్కలా మన కార్లే నిలబడితే మిగిలేది ఒక బస్సు పట్టేంత దారి, అది స్కూల్ చేసింది కాదు. పార్కింగ్ కోసం వదిలిన స్టిల్ట్‌లో గదులేసి అద్దెకిచ్చినవాళ్లు పిటిషన్ మీద ముందు సంతకం పెట్టడం కూడా నేను చూశాను.

ఆ లెక్క పట్టుకుని ముందు స్కూల్ మేనేజ్‌మెంట్ దగ్గరికే వెళ్లండి. అడగాల్సినవి చెప్తా. గేటు మెయిన్ రోడ్డు వైపుకి మార్చమనండి, లేదా అటు రెండోది పెట్టమనండి. బస్సులు కాంపౌండ్ లోపలికి వచ్చి పిల్లల్ని ఎక్కించుకోవాలి, వీధిలో కాదు. చిన్న క్లాసులకి పెద్ద క్లాసులకి మధ్య అరగంట తేడాతో టైమింగ్స్ పెట్టమనండి, దీనికి రూపాయి ఖర్చులేదు, సగం రద్దీ దీనితోనే పోతుంది. గ్రౌండ్ వదిలేసి కట్టుకునే దారేమైనా ఉందేమో వాళ్ల ఇంజనీర్‌ని అడగమనండి. ఒప్పుకుంటే నోటిమాటగా వద్దు, లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

టైం గురించి ఒక హెచ్చరిక. చాలామంది ముందు సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టి జవాబొచ్చాక చూద్దాం అనుకుంటారు. దానికి 30 రోజులు గడువు. కానీ తెలంగాణలో 2020లో బిల్డింగ్ పర్మిషన్ల కోసం టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక పెద్ద బిల్డింగ్‌ల దరఖాస్తు మీద కూడా 21 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే పర్మిషన్ వచ్చినట్టే. అంటే మీకు కాగితాలు అందేసరికి వాళ్లకి పర్మిషన్ చేతికొచ్చేసి ఉండొచ్చు. కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి, ప్లాన్ కాపీ, ఫైర్ కాగితాలు అడగండి, కానీ దానికోసం ఆగకుండా అదే రోజు మున్సిపల్ ఆఫీసులో మీ అభ్యంతరం ఇచ్చి ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకోండి, సోమవారం ప్రజావాణిలో కూడా ఒకటి ఇవ్వండి, జిల్లా విద్యాధికారికి ఒకటి. స్లాబ్ పడ్డాక ఏం చేసినా కష్టం, కోర్టులు కూడా లోపల కూర్చున్న పిల్లల్ని చూసి ఆలోచిస్తాయి.

స్కూల్లో మొహం ఎలా చూపించాలి అన్నారు. మీరు గ్రౌండ్ ఉంచమని, మెట్లు సరిగ్గా కట్టమని అడుగుతున్నారు. ఇవి మీ పిల్లల కోసమూ, పక్కింటి పిల్లల కోసమూ. ఏ టీచర్ మీ మీద కోపం పెట్టుకుంటుందమ్మా?

ప్రశ్న: విశాఖలో పెందుర్తి వైపు ప్రభుత్వ హైస్కూల్ మాది, నేను స్కూల్ కమిటీలో ఉన్నాను, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. గదులు చాలక రెండు సెక్షన్లు వరండాలో కూర్చుంటున్నాయి. కొత్త గదులు కడదామంటే చుట్టూ అపార్ట్‌మెంట్లవాళ్లు ఒప్పుకోవడం లేదు, ఆ గ్రౌండ్‌లో పొద్దున్నే వాకింగ్ చేస్తారు, వినాయక చవితి పందిరి అక్కడే వేస్తారు, పెళ్లిళ్లకి కార్లు పెడతారు. గ్రౌండ్ ఊరందరిదీ అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: పైన గ్రౌండ్‌లో కట్టొద్దన్నాను, ఇక్కడ కట్టమంటానా అని మీకనిపించొచ్చు. తేడా ఏంటంటే మీ దగ్గర పిల్లలు వరండాలో కూర్చుంటున్నారు, వాన పడితే పుస్తకాలు ఎత్తుకుని లోపలికి పరిగెత్తాలి. వాకింగ్‌కి ఇంకో దారి దొరుకుతుంది, పిల్లలకి ఇంకో గది దొరకదు.

ముందు సర్వేయర్‌తో కొలిపించి హద్దులు తేల్చండి, జాగా రికార్డుల్లో ఎవరి పేరున ఉందో రాతపూర్వకంగా తీసుకోండి, సగం నోళ్లు అక్కడే మూతపడతాయి. తర్వాత కమిటీ తీర్మానం. మీ కమిటీని తక్కువగా అనుకోకండి, విద్యాహక్కు చట్టం ప్రకారమే అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులుండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లుండాలి, బడి ఎలా పెరగాలో ప్లాన్ రాయాల్సింది కూడా ఆ కమిటీయే. 2019 నవంబర్ 14న ఒంగోల్లో మొదలైన నాడు-నేడు, అంటే ప్రభుత్వ బడుల్ని బాగుచేసే పనులు కూడా ఇలాంటి తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు.

గదులు మాత్రం మైదానం నడిబొడ్డున కాకుండా గోడ వెంబడి, వీలైతే ఉన్న బిల్డింగ్ మీదే కట్టమని ఇంజనీర్‌ని అడగండి. వాకర్స్‌తో గొడవ పెట్టుకోవద్దు, గోడ కట్టాక చిన్న గేటు పెట్టి బడి మొదలయ్యేదాకా వాళ్లని నడవనివ్వండి, తాళం వాళ్లలో ఒక పెద్దాయనకే ఇవ్వండి. పొద్దున్నే పదిమంది నడిచే చోట రాత్రి సీసాలు పగలగొట్టేవాళ్లు కూడా తగ్గుతారు. పెళ్లి కార్లు మాత్రం వద్దే వద్దు.

ప్రశ్న: రిటైరయ్యాను, స్కూల్ గోడ పక్కనే ఇల్లు. కొత్త బ్లాక్ మా వైపే వచ్చింది. పొద్దున ప్రేయర్ మైక్, స్పోర్ట్స్ డే ముందు నెలంతా డ్రమ్ములు. ఫిర్యాదు చేస్తే చదువుకి అడ్డం పడుతున్నానంటారు. – విజయవాడ

జవాబు: అలా అననివ్వకండి సార్. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్ దాటకూడదు, బడి చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తే అక్కడ 50. ఆ నిశ్శబ్దం పెట్టిందే చదువు కోసం. పిల్లల ఆటల కేకలు మాత్రం ఓర్చుకోండి, అవి మైక్‌లోంచి రావు. ప్రిన్సిపాల్‌ని కలిసి గోడకి కట్టిన ఆ మైక్ బాక్సు లోపలి వైపు తిప్పి కాస్త కిందకి దించమనండి, డ్రమ్ముల ప్రాక్టీస్ గ్రౌండ్ అవతలి మూలకి మార్చమనండి. సాయంత్రం గేటు దగ్గర హారన్లు కొట్టే తల్లిదండ్రులకి కూడా ఒక సర్క్యులర్ పంపమనండి.