సీటీసీ చూసి ఈఎంఐ లెక్క వేయకండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో సీనియర్ ఆపరేటర్‌ని, చేరి మూడేళ్లయింది. ప్యాకేజీ 7.2 లక్షలు, అంటే నెలకి 60,000. ఓటీ (ఓవర్‌టైమ్) 8,000 పైనే వస్తుంది. నా భార్య ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది, 8,000. గాజువాకలో నాన్నగారి ఇంట్లోనే ఉంటున్నాం. పై పోర్షన్ అద్దె 7,000 వస్తుంది, అది ఆయన మందులకి, ఆసుపత్రికి సరిపోతుంది. అన్నీ కలిపితే ఆదాయం 83,000. పాప స్కూలు ఫీజుతో సహా ఇంటి ఖర్చు 29,000. పెందుర్తి దగ్గర కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 48 లక్షల ఫ్లాట్ చూసి 25,000 టోకెన్ ఇచ్చాం. 38 లక్షల హోమ్ లోన్ వస్తుందని ఏజెంట్ అన్నాడు. చీటీ డబ్బు 4 లక్షలు ఉంది. తక్కువ పడే 6 లక్షల్లో 4 లక్షలకి పర్సనల్ లోన్ అప్లై చేశాను, ఇంకా శాంక్షన్ కాలేదు, 2 లక్షలు బంగారం మీద తెద్దామనుకుంటున్నాం. సేవింగ్స్‌లో ఇంకో 80,000 ఉంది. లోన్ తీసుకుంటే ట్యాక్స్ కూడా మిగులుతుంది కదా? ఆరు నెలల పే స్లిప్పులు జత చేశాను. ముందుకెళ్లమంటారా?

జవాబు: వద్దు. ఫ్లాట్ మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. అసలు మీరు వేసుకున్న ఆదాయం లెక్కే తప్పు. దువ్వాడ సెజ్‌లో పనిచేసేవాళ్ల నుంచి, రుషికొండ ఐటీ కంపెనీల్లో పిల్లల నుంచి, పోర్టులో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే లెక్కతో మొదలవుతాయి: ప్యాకేజీని (సీటీసీ, అంటే మీ కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) 12తో భాగించడం, దానికి బాగా వచ్చిన నెల ఓటీ కలపడం, ఇంట్లో వాళ్ల సంపాదన కలపడం, ఆ మొత్తం మీద అప్పు చేయడం. మీరు స్లిప్పులు కూడా పంపారు కాబట్టి అంకెలతోనే మాట్లాడుకుందాం.

మీ 7,20,000లో 72,000 వేరియబుల్ పే. అది ఏడాదికోసారి, కంపెనీ లాభం, మీ రేటింగ్ చూసి ఇచ్చేది. పోయినేడు 70 శాతమే ఇచ్చారని స్లిప్‌లోనే ఉంది, అంటే 50,400. కంపెనీ వాటా పీఎఫ్ 43,200. అది మీ డబ్బే, కానీ ఈఎంఐ కట్టడానికి పనికిరాదు. పైగా నెలకి కంపెనీ వేసే 3,600లో 1,250 పెన్షన్ స్కీముకి పోయి, మీ పీఎఫ్ ఖాతాలో పడేది 2,350. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) పేరుతో 17,316 చూపించారు. రెగ్యులర్ ఉద్యోగిగా మీకది అందాలంటే అయిదేళ్లు పూర్తి కావాలి, మీకు మూడే అయ్యాయి. అయిదేళ్లు నిండాక మానేస్తే ఇప్పటి బేసిక్ 30,000 మీద, 15ని 26తో భాగించి, అయిదేళ్లతో హెచ్చిస్తే 86,538 వస్తుంది. ఈలోపు వేరే కంపెనీకి వెళ్లిపోతే సున్నా. ఇక గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 11,484. ఇవన్నీ కలిపితే 1,44,000. నెల జీతంలో కనిపించని డబ్బు ఇది.

మిగిలిన 5,76,000ని 12తో భాగిస్తే గ్రాస్ 48,000. బేసిక్ 30,000, హెచ్ఆర్ఏ 12,000, స్పెషల్ అలవెన్స్ 6,000. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 3,600, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200, బస్సుకీ క్యాంటీన్‌కీ కలిపి 700 పోతే మీ ఖాతాలో పడేది 43,500. మీ ఉద్యోగం ఇచ్చే జీతం ఇదీ. 60,000 అనేది మీ కోసం కంపెనీకి అయ్యే ఖర్చు. ఆ రెండింటికీ మధ్య 16,500 తేడా ఉంది, అంటే మీ ఇంట్లో సగం నెల ఖర్చు కంటే ఎక్కువ.

కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి కదా, జీతం ఏమైనా మారుతుందా అని కొందరు టెన్షన్ పడుతున్నారు. మొత్తం వేతనంలో సగమైనా బేసిక్, డీఏ లాంటి అసలు వేతనం ఉండాలన్నది అందులో ముఖ్యమైన సంగతి. మీ బేసిక్ ఇప్పటికే సగం ఉంది గనుక మీకు పెద్దగా తేడా రాదు. బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు దండిగా చూపించే కంపెనీల్లో ఉన్నవాళ్లు మాత్రం హెచ్ఆర్‌ని అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఓటీ. మీ స్లిప్పుల్లో బేసిక్, స్పెషల్ అలవెన్స్ కలిపి 36,000ని 26 రోజులతో, రోజుకి 8 గంటలతో భాగించి, దానికి రెట్టింపు కట్టారు. గంటకి 346 రూపాయల చిల్లర. నవంబర్‌లో 24 గంటలు చేశారు కాబట్టి 8,308 వచ్చింది. మీరు రాసిన "8,000 పైనే" ఆ ఒక్క నెలదే. మిగతా అయిదు నెలల్లో ఒక నెల 4,846, ఒక నెల 3,462, ఒక నెల 2,769, రెండు నెలలు ఏమీ లేదు. ఆరు నెలల సగటు 3,230. ఆ సగటుని కూడా నేను లెక్కలోకి తీసుకోను. ఫార్మాలో ఆడిట్‌లో ఏదైనా తేడా వచ్చి ఎగుమతులు ఆగాయంటే మొదట పోయేది ఓటీయే, ఆ వెనకే వేరియబుల్. మీ చేతిలో లేని డబ్బు అది.

ఆగస్టు స్లిప్ మీరు సరిగ్గా చూసినట్టు లేదు. జ్వరమొచ్చి మూడు రోజులు సెలవు పెట్టారు, లీవులు అయిపోయాయి, ఎల్ఓపీ (జీతం లేని సెలవు) పడింది. రోజుకి 1,600 చొప్పున 4,800 కోసేశారు. ఓటీ కూడా లేదు. పీఎఫ్ కోత కాస్త తగ్గినా ఆ నెల మీకు పడింది 39,060. అదే నవంబర్‌లో 51,808. ఒకే ఉద్యోగం, ఒకే ప్యాకేజీ, నెలకీ నెలకీ మధ్య 12,700 తేడా. ఏజెంట్ నవంబర్ స్లిప్ ముందు పెట్టుకుని 38 లక్షలన్నాడు. ఆగస్టుది చూపిస్తే ఏమనేవాడో అడగండి. అతనికి కమిషన్ లోన్ మీద వస్తుంది, మీరు కట్టగలరా లేదా అన్నదాని మీద రాదు.

మీ ఆవిడ ట్యూషన్ల సంపాదన నిజమైనదే, కానీ వేసవి సెలవుల్లో పిల్లలు రారు. ఏడాదిలో పది నెలలు అనుకుంటే 80,000, అంటే నెలకి 6,600 చిల్లర. దాన్ని పొదుపుకి వాడండి, ఈఎంఐకి కాదు. ఇక అద్దె నాన్నగారి మందులకి పోతోందని మీరే రాశారు, మళ్లీ మీరే ఆదాయంలో కలిపారు! అది ఆయన ఇల్లు, ఆయన అద్దె. మీ లెక్కలోంచి తీసేయండి.

అంటే 83,000 కాస్తా 43,500 అయింది. దీని ముందు మీరు చేయబోతున్న అప్పులు పెడదాం. 38 లక్షలకి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకి ఈఎంఐ సుమారు 33,000. పర్సనల్ లోన్ 4 లక్షలకి 14 శాతం, నాలుగేళ్లు అనుకుంటే 10,930. బంగారం మీద 2 లక్షలకి వడ్డీయే నెలకి 1,580 దాకా ఉంటుంది, అసలు అలాగే కూర్చుంటుంది. మొత్తం దాదాపు 45,500. మీకు వచ్చేది 43,500. బియ్యం కొనకముందే, పాప ఫీజు కట్టకముందే 2,000 లోటు! అప్పుడు ఏం చేస్తారు? క్రెడిట్ కార్డు గీకుతారు, అది నిండాక ఫోన్‌లో లోన్ యాప్ తెరుస్తారు. ఆ దారిలో వెళ్లినవాళ్లు నా దగ్గరికి ఆరు నెలల తర్వాత వస్తారు. అప్పటికి బంగారం వేలం నోటీసు కూడా చేతిలో ఉంటుంది.

డౌన్ పేమెంట్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవడం ఎవరు చేసినా తప్పే. ఇంత నెమ్మదిగా చెబుతున్నాను గానీ నిజానికి ఈ మాట రాసేటప్పుడు నాకు చిరాకే వస్తుంది. డౌన్ పేమెంట్ అడిగేదే మీ దగ్గర సొంత డబ్బు ఉందని చూడటానికి. అది కూడా అప్పే అయితే ఇల్లు మొత్తం అప్పు మీద కొన్నట్టే, పైగా అందులో ఒక ముక్క 14 శాతం వడ్డీకి.

ఇంకో ఖర్చు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 48 లక్షల మీద 3.6 లక్షలు. కడుతున్న అపార్ట్‌మెంట్ గనుక, 45 లక్షలు దాటింది గనుక జీఎస్టీ 5 శాతం, ఇంకో 2.4 లక్షలు. బిల్డర్ ధరలో ఇవి కలిపాడో లేదో కాగితం మీద రాయించుకున్నారా? లేకపోతే ఆ 6 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు?

ట్యాక్స్ మిగులుతుందన్నారు. మీరు కడితే కదా మిగలడానికి! కొత్త పన్ను పద్ధతిలో ఉద్యోగికి 12.75 లక్షల జీతం దాకా పన్ను లేదు. వేరియబుల్, ఓటీ అన్నీ కలిపినా మీరు అందులో సగం చిల్లర దగ్గరే ఉన్నారు. పైగా ఆ పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపే లేదు. పన్ను ఆదా పేరుతో హోమ్ లోన్ అమ్మేవాళ్లు మీ స్లిప్ చూడకుండానే ఆ మాట అంటారు.

మీరు చేయాల్సిన పని వేరే ఉంది. నెలకి 29,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలల అత్యవసర నిధి 1,74,000. మీ దగ్గర 80,000 ఉంది. తక్కువైన 94,000 చీటీ డబ్బులోంచి రేపే పక్కన పెట్టండి. ఇంత తేలిగ్గా నిధి పూర్తి చేసే వీలు చాలామందికి ఉండదు. మీకు ఉంది, కానీ మీరు ఆ డబ్బంతా బిల్డర్‌కి ఇవ్వబోతున్నారు. ఇచ్చేస్తే ఇంట్లో మిగిలేది 80,000. 29,000 ఖర్చు, 45,500 అప్పు కిస్తీలు కలిపి నెలకి 74,500 కావాల్సిన ఇంట్లో అది నెలా రెండు రోజులకి సరిపోతుంది. ప్లాంట్ ఒక్క నెల మూతపడితే చాలు.

ఆ నిధి జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది ఎప్పుడంటే అప్పుడు తీసుకునే ఎఫ్‌డీలో ఉండాలి. ఆ ఖాతాకి ఫోన్‌లో యూపీఐ పెట్టకండి. పది వేలు నోట్లుగా ఇంట్లో ఉంచండి. ఇది పాతకాలం సలహా అని నవ్వేవాళ్లుంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీరు గాజువాకలోనే ఉంటే నవ్వరు. రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పాల ప్యాకెట్‌కి కూడా నోటే కావాల్సి వచ్చింది. పీఎఫ్ ఉంది కదా అని కూడా అనుకోకండి. అది అడిగిన రోజు చేతికి వచ్చే డబ్బు కాదు, పైగా అది మీ 60 ఏళ్ల తర్వాతి జీతం.

ఇన్సూరెన్స్ గురించి ఒక్కమాట. కంపెనీ గ్రూప్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా టర్మ్ పాలసీ ఒకటి, కుటుంబానికి హెల్త్ పాలసీ ఒకటి ఈ నెలలోనే తీసుకోండి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్ ప్రమాదంలో 17 మంది పోయారు. మీ పని కూడా అలాంటి ప్లాంట్లలోనే.

ఇల్లు వద్దని కాదు. నిధి తీసేశాక చీటీలో 3,06,000 మిగులుతుంది. నెలకి 43,500లో ఖర్చులు పోను 14,500 మిగులుతోంది. అది రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, ట్యూషన్ డబ్బులోంచి పాలసీల ప్రీమియం కట్టగా మిగిలింది కూడా దాంట్లోనే. వేరియబుల్ ఎంత వస్తే అంతా అక్కడికే. రెండున్నర, మూడేళ్లకి సొంత డౌన్ పేమెంట్ తయారవుతుంది. అన్ని ఈఎంఐలూ కలిపి ఖాయంగా వచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదని నా పద్ధతి. మీ విషయంలో అది కూడా 14,500. ఇవాళ్టి లెక్కలో దానికి 16.7 లక్షల లోన్ వస్తుంది. 38కీ 16.7కీ ఉన్న తేడా మీకు కష్టంగా అనిపించొచ్చు, కానీ అద్దె లేని ఇంట్లో ఉంటున్నారు, తొందర మీకు కాదు, బిల్డర్‌కి. లోన్ తీసుకున్న రోజు నుంచి అత్యవసర నిధిలో ఆరు ఈఎంఐలు కూడా చేర్చాలి, అంటే 2,61,000. పాత ఫ్లాట్, చిన్న స్థలం, వేరే పెట్టుబడులు అన్నీ ఆ తర్వాత ఆలోచిద్దాం.

టోకెన్ రసీదు తీసి చూడండి. ప్రాజెక్టుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందో లేదో, రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారో అందులో చూసి, 25,000 వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. మాటల్లో పెట్టి ఇంకో లక్ష కట్టించుకోవాలని చూస్తారు, కట్టకండి. పర్సనల్ లోన్ అప్లికేషన్ ఇంకా శాంక్షన్ కాలేదని రాశారు కాబట్టి ముందు దాన్ని క్యాన్సిల్ చేయించి, ఆ మెసేజ్ దాచుకోండి.